మా నాన్న కొట్టిన గండి

మా నాన్న కాలువ లస్కరు. ముప్పై ఏళ్ళు సంగం జాగర్లమూడి లాకుల దగ్గర పనిచేసి రిటైరయ్యాడు. తలుపులు ఎత్తడం, దించడం, గంట గంటకీ గేజి మీద నీటిమట్టం చూసి రిజిస్టర్లో రాయడం, వానాకాలంలో గట్టు వెంట సైకిలు మీద తిరుగుతూ ఎక్కడైనా చెమ్మ ఊరుతోందేమో కనిపెట్టడం, ఇదీ ఆయన ఉద్యోగం. తన డ్యూటీలో ఉండగా ఆ గట్టుకి ఒక్క గండి పడలేదు. ఈ మాట ఆయన పెళ్ళిళ్ళలో చెప్పేవాడు, పరామర్శకి వెళ్ళిన ఇళ్ళలో చెప్పేవాడు, తెనాలి మార్కెట్లో వంకాయలు బేరమాడుతూ కూడా చెప్పేవాడు. నీళ్ళ విషయంలో ఆయన మాటకి ఎదురు చెప్పే మనిషి మా బజార్లో లేడు. నేనొక్కదాన్నే ఉన్నాను.

ఇంట్లో మేం ఆయన్ని అబ్బా అని పిలుస్తాం. ఇంట్లో ఉర్దూ, గడప దాటితే తెలుగు, అదీ మా పద్ధతి. కానీ నీళ్ళ సంగతి వస్తే మాత్రం ఇంట్లో కూడా ఆయన నోట తెలుగే వచ్చేది. నన్ను తిట్టాలంటే ఉర్దూలో తిట్టేవాడు. ఆ రోజుల్లో ఆ ఉర్దూ బాగా వినపడేది.

ఎందుకంటే నేను బాపట్లలో డిగ్రీ చదివి, అందరిలా బీయీడీకి వెళ్ళకుండా, ఒక సంస్థలో చేరి మడ చెట్లు నాటే ఉద్యోగం పట్టుకున్నాను. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలు. రేపల్లె నుంచి నిజాంపట్నం బస్సెక్కి, అక్కడ దిగి పడవెక్కితే, సముద్రం ఇంకా కనపడకముందే మడ అడవి మొదలవుతుంది. పెద్దదేం కాదు, చుట్టూ రొయ్యల చెరువులు తినేయగా మిగిలిన ముక్క. కానీ లోపలికి వెళ్ళామా, ఓహ్, అదొక లోకం! చెట్ల కింద బురదలోంచి వేళ్ళు వేల కొద్దీ పైకి పొడుచుకుని ఉంటాయి, గాలి పీల్చుకోవడానికి. బురద మీద చేపలు గెంతుతుంటాయి. ఎర్ర పీతలు మనల్ని చూసి ఒక్కసారిగా కన్నాల్లోకి మాయమవుతాయి. మొదటిసారి చూసినప్పుడు నాకు నోట మాట రాలేదు, నాకు నోట మాట రాకపోవడమంటే చిన్న విషయం కాదు.

ఆ అడవిలో చెట్లు చచ్చి బోడిగా అయిపోయిన రెండెకరాల ముక్క నాకు అప్పగించారు. తెల్లగా ఉప్పు పేరుకుపోయిన నేల. దాని మీద మళ్ళీ మడ మొలిపించాలి, అదే నా పని. మొదటి ఏడు నాటిన మొక్కలన్నీ చచ్చాయి. రెండో ఏడు కూడా చచ్చాయి. మా సంస్థ పెద్దసారు వచ్చి, తిట్టలేదు సరికదా, చాలా మర్యాదగా, "ఈ ముక్క వదిలేద్దామమ్మా" అన్నాడు. తిడితే బాగుండేది. నేను కాళ్ళావేళ్ళా పడి మూడో ఏటికి ఒప్పించాను. ఈసారీ పోతే ఆ ముక్క మూసేస్తారు, దానితోపాటు నా ఉద్యోగం కూడా.

ఇంట్లో సంగతి ఇంకోటి. చీరాలలో బట్టల కొట్టు ఉన్న కుటుంబం నుంచి సంబంధం వచ్చింది. మంచివాళ్ళే. అయితే కోడలు ఇంటిపట్టున ఉండాలి, పడవలెక్కి బురదలో తిరగడం కుదరదు. మా అమ్మ చెవినిల్లు కట్టుకుని పోరింది. మా నాన్నకీ అదే ఇష్టం. పంతం మీద నేనే ఒక మాట అనేశాను: "ఈసారి మొక్కలు చస్తే ఇంటికొచ్చేస్తాను. చీరాల వాళ్ళని రమ్మనండి. బతికితే మాత్రం నన్ను కదపకూడదు." మా నాన్న సరేనన్నాడు. ఆయన మాటంటే మాటే. నా మొక్కల బతుకూ నా బతుకూ అట్లా ఒకే తాడుకి కట్టుకుని కూర్చున్నాను.

సంక్రాంతి సెలవులు అయిపోయాక ఒక ఆదివారం ఆయన నా అడవి చూస్తానని బయలుదేరి వచ్చాడు. చూడటానికి అన్నది పైకి. అసలు సంగతి అమ్మ ఫోన్లో దాచుకోలేక చెప్పేసింది, "మొక్కలు పసుపు తిరిగాయని నువ్వే అన్నావుగా, అబ్బా నిన్ను తీసుకొస్తానన్నాడు" అని. ఒళ్ళు మండింది. పొద్దున తెనాలి పాసింజరు రేపల్లెలో ఆగేసరికి, తెల్ల చొక్కా, తలకి టోపీ, చేతిలో అమ్మ ఇచ్చిన క్యారేజీతో దిగాడు. నన్ను చూడగానే, "ఎండకి నల్లబడ్డావు" అన్నాడు. "నీ పోలికే" అన్నాను. దాంతో మా పలకరింపులు అయిపోయాయి.

పడవ నడిపేది ఒక అక్క. నలభై దాటిన మనిషి, మొగుడు సముద్రం మీదికి వెళితే ఈ పాయల్లో చిన్న పడవ తనే తిప్పేది. నోరు విప్పితే ఊళ్ళోకి వినపడుతుంది. మా నాన్న పడవలో కూర్చుని, నీళ్ళకేసి చూస్తూ, గట్లకేసి చూస్తూ, "పాయ నిండుగా ఉందే, బాగానే వదిలారు" అన్నాడు. ఎవరు వదిలారనుకున్నాడో ఆయనకే తెలియాలి. అక్క నాకేసి చూసి కన్ను గీటింది. 

నా రెండెకరాలు చూపించాను. చుట్టూ మొదటి ఏటి నుంచీ ఏటేటా ఎత్తు చేయిస్తూ వచ్చిన గట్టు, పాయ వైపు ఒకే ఒక్క నోరు. ఆ నోటి అడుగు ఎత్తుగా పెట్టించాను, లోపలికొచ్చిన నీళ్ళు మళ్ళీ బయటికి పోకుండా. ఈ ఏడు పని కొల్లిపర వైపు నుంచి మట్టిపనికి వచ్చిన ముఠా చేసింది, ఆ రోజు కూడా వాళ్ళు అక్కడే ఉన్నారు. వాళ్ళ మేస్త్రీ పుట్టినప్పట్నించీ వరి చేలలో పెరిగినవాడు. "వరి మడిలో నిలబడ్డట్టు నిలబడతాయమ్మా నీళ్ళు" అని నాకు మాటిచ్చి, నిలబెట్టాడు కూడా. జానెడు లోతున నీళ్ళు అద్దంలా నిలిచి ఉన్నాయి. వాటిలో నా మొక్కలు కొన్ని నల్లగా మాడిపోయి, మిగతావి పసుపు తిరిగి, తలలు వాల్చుకుని నిలబడి ఉన్నాయి.

మా నాన్న మొక్కల్ని చూడలేదు. గట్టు మీద అటూ ఇటూ నడిచి, మడమతో రెండుచోట్ల తొక్కి చూసి, "గట్టు బ్రహ్మాండంగా వేయించావే! ఒక్క చుక్క కారట్లేదు" అన్నాడు. ఇరవై మూడేళ్ళ బతుకులో ఆయన నన్ను మెచ్చుకోవడం అదే మొదలు. ఒక్క నిమిషం అన్నీ మర్చిపోయి మురిసిపోయాను. కృష్ణా కాలువ నీళ్ళు తాగి పెరిగినవాళ్ళం కదా, ఆయనకీ నాకూ మేస్త్రీకీ తెలిసింది ఒకటే: నీళ్ళు తేవాలి, నిలబెట్టాలి. నిలబడితే పంట.

పదిన్నర ప్రాంతంలో మా నాన్న పాయ ఒడ్డుకి వెళ్ళి, అక్కడే నిలబడిపోయాడు. పాయలో నీళ్ళు దిగిపోతున్నాయి. పొద్దున పడవ కట్టిన గుంజ మొదట్లో బురద తేలింది.

"ఏంటిది? కాలువ కట్టేశారా?" అన్నాడు. గొంతులో కంగారు. "ఈ వేళప్పుడు ఎవరు కట్టారు? కింద చేలవాళ్ళకి కబురైనా పెట్టకుండా?"

అక్క పడవలో పడీ పడీ నవ్వింది. "ఎవరు కడతారు సాయిబు గారూ, చంద్రుడు కట్టాడు! ఇది పాటు. సముద్రం వెనక్కి లాక్కుంటోంది. మళ్ళీ మజ్జానం దాటాక పోటు వస్తది, నీళ్ళు నిండుతాయి. రోజుకి రెండుసార్లు రావడం, రెండుసార్లు పోవడం. మీకు తెలీదా ఏంటండీ?"

ముఠావాళ్ళు కూడా నవ్వారు. నేనూ నవ్వాను, తప్పు చేశాను. ముప్పై ఏళ్ళు నీళ్ళని తన చేత్తో తిప్పిన మనిషి. ఆయన చెయ్యి తిప్పకుండా నీళ్ళు కదలడం ఆయన ఎప్పుడూ చూడలేదు. సముద్రం చూడకపోలేదు, సూర్యలంకలో మా చిన్నప్పుడు ఒకసారి కాళ్ళు తడుపుకుని వచ్చాడు, అంతే. ముఖం ఎర్రబడింది.  రెండు ఎండు కొమ్మలు విరిచి, మేస్త్రీ దగ్గర కత్తి తీసుకుని, వాటి మీద వరుసగా గాట్లు పెట్టాడు. ఒకటి తీసుకెళ్ళి పాయలో పాతాడు, ఒకటి నా మొక్కల నీళ్ళలో పాతాడు. గేజి అన్నమాట! చొక్కా జేబులోంచి పాత బస్సు టిక్కెట్టు తీసి, దాని వెనక పెన్నుతో రాసుకోవడం మొదలుపెట్టాడు. పరువు పోయిన మనిషి ఏం చేస్తాడు, వచ్చిన పనే చేస్తాడు.

నేను మొక్కల దగ్గర కూర్చుని ఎండిన ఆకులు ఏరుతున్నాను. ఆయన అరగంటకోసారి ఈ కొమ్మ దగ్గరికి, ఆ కొమ్మ దగ్గరికి తిరుగుతున్నాడు. మధ్యమధ్య అక్క దగ్గరికెళ్ళి, ఈసారి నవ్వించుకోకుండా, నెమ్మదిగా అడుగుతున్నాడు. పౌర్ణమికి ఎంత ఎత్తు వస్తాయమ్మా? అమావాస్యకో? ఎండాకాలంలో? ఆమె కూడా ఎగతాళి మానేసి చక్కగా చెబుతోంది. ఆయన అంత వినయంగా ఒకరిని అడగడం నేను ఎన్నడూ చూడలేదు.

మధ్యాహ్నం నమాజు వేళయింది. నమాజుకి ముందు వజూ చేయాలి, అంటే చేతులు, నోరు, ముక్కు, ముఖం, కాళ్ళు కడుక్కోవాలి. నోరు మూడుసార్లు పుక్కిలించాలి. ఆయన దగ్గరలో ఉన్నవి కదా అని నా మొక్కల నీళ్ళ దగ్గరే గొంతుక్కూర్చున్నాడు. చేతులు కడుక్కున్నాడు. దోసెడు నీళ్ళు నోట్లో పోసుకున్నాడు.

వెంటనే థూ అని ఉమ్మేశాడు. ముఖం ఇట్లా ముడుచుకుపోయింది. "యా అల్లా, ఇదేం నీళ్ళు!" అని లేచి, బురదలో దిగబడుతూ పాయ మధ్యకి వెళ్ళి, అక్కడ మిగిలిన కాస్త నీళ్ళతో మళ్ళీ పుక్కిలించాడు. ఆగాడు. ఇంకోసారి పుక్కిలించాడు. ఏదో అనబోయి, నమాజు వేళ మించిపోతోందని వజూ పూర్తిచేసుకుని, గట్టు మీద తువ్వాలు పరుచుకుని నమాజు చదువుకున్నాడు.

నమాజయ్యాక లేవలేదు. అక్కడే తువ్వాలు మీద కూర్చుని, బస్సు టిక్కెట్టు చూస్తూ, నీళ్ళకేసి చూస్తూ, మొక్కలకేసి చూస్తూ, అప్పుడప్పుడు నాకేసి చూస్తూ ఉండిపోయాడు. క్యారేజీ విప్పి పెట్టాను, ఖీమా, రొట్టెలు. ముట్టుకోలేదు. గంట గడిచింది. నవ్వినందుకు అలిగాడనుకున్నాను. "అబ్బా, తిను, చల్లారిపోతోంది" అన్నాను. 

ఉన్నట్టుండి లేచాడు. చొక్కా విప్పి మడతపెట్టి పడవలో పెట్టాడు. లుంగీ పైకి కట్టాడు. మేస్త్రీ దగ్గరికెళ్ళి, "పార ఇవ్వు" అన్నాడు.

పార తీసుకుని గట్టు వెంట నడిచి, అన్నిటికంటే పల్లంగా ఉన్నచోట, పాయ వైపు, నిలబడ్డాడు. పార ఎత్తాడు.  

"ఏం చేస్తున్నావు?" అని అరిచాను.

"గండి కొడుతున్నాను" అన్నాడు.

మేస్త్రీ గుండె బాదుకున్నాడు. "గట్టు తెగ్గొట్టడమేంటండీ సాయిబు గారూ! నీళ్ళన్నీ పోతాయి! రెండు నెలల పనండీ!"

 పరిగెత్తుకెళ్ళి పార కర్ర పట్టుకున్నాను. ఆ క్షణంలో నా నోటికి ఏమొస్తే అది అన్నాను. "నాకు తెలుసు నువ్వెందుకొచ్చావో! అమ్మ అన్నీ చెప్పింది. నా మొక్కలు చస్తే నేను ఇంటికొస్తాననేగా? చీరాల వాళ్ళకి మాటిచ్చుకున్నావేమో! వాటంతటవి చచ్చేదాకా ఆగలేక నువ్వే చంపడానికొచ్చావా?"

  మా నాన్న నాకేసి చూశాడు. ఉర్దూలో తిడతాడని కాచుకుని ఉన్నాను. తిట్టలేదు.

"నువ్వు బాటనీ చదివావు" అన్నాడు తెలుగులో. "ఈ నీళ్ళు నోట్లో పోసుకో. తర్వాత ఆ పాయ నీళ్ళు పోసుకో. ఆ తర్వాత కూడా పార వదలకపోతే నేనే నిన్ను ఇక్కడ వదిలేసి రైలెక్కుతాను."

పంతం మీదే పోసుకున్నాను. మొదట మొక్కల నీళ్ళు. నాలుక కాలినట్టయింది. అది ఉప్పు కాదు, విషం. తర్వాత పాయ నీళ్ళు. ఉప్పగానే ఉన్నాయి కానీ దానితో పోలిస్తే ఇవి తాగే నీళ్ళే.

ఒక్కసారిగా అర్థమైంది. అర్థమై అక్కడే బురదలో కూలబడ్డాను. పోటు వచ్చినప్పుడు నీళ్ళు గట్టు నోటి మీదుగా లోపలికి వస్తున్నాయి. పాటు వచ్చినప్పుడు పాయ దిగిపోతోంది, నావి మాత్రం దిగట్లేదు. ఎత్తుగా కట్టించిన నా అందమైన నోరు, ఒక్క చుక్క కారని నా బ్రహ్మాండమైన గట్టు, వచ్చిన ఉప్పునీళ్ళని వచ్చినట్టే పట్టి ఉంచుతున్నాయి. ఎండకి నీళ్ళు ఆవిరైపోతున్నాయి, ఉప్పు మిగిలిపోతోంది. దాని మీదికి మళ్ళీ ఉప్పు. మూడేళ్ళుగా నేను మొక్కలు నాటట్లేదు, ఊరగాయ పెడుతున్నాను!

మా నాన్న టిక్కెట్టు నా ముందు పెట్టాడు. పాయలో కొమ్మ దగ్గర నీళ్ళు ఎనిమిది గాట్లు దిగాయి. లోపల కొమ్మ దగ్గర ఒక్క గాటు కూడా దిగలేదు. "మన కాలువ ఒకవైపే పారుద్ది, అందుకని నిలబెట్టుకుంటాం" అన్నాడు. "ఇది రెండువైపులా పారే నీరు. దీన్ని పట్టుకోకూడదు. వచ్చింది వచ్చినట్టు పోనివ్వాలి. నేనూ చూడగానే గట్టు బాగుందన్నాను. నాకూ తెలీలేదు."

"మరి చెప్పలేదేంటక్కా!" అని పడవ వైపు తిరిగి విరుచుకుపడ్డాను. అక్క చేతులు తిప్పింది. "చెరువు కడుతున్నారనుకున్నానమ్మా, అందరూ అదేగా కట్టేది ఇక్కడ. చదువుకున్నదానివి, నీకు నేను చెప్పేదేంటి?"

నేను లేచి రెండో పార తీసుకున్నాను.

ఆయన కింది నుంచి తవ్వాడు, నేను పై నుంచి తవ్వాను. మేస్త్రీ కాసేపు నెత్తి పట్టుకుని కూర్చుని, ఇక ఉండబట్టలేక తనూ దిగాడు. ముఠా దిగింది. లోపలి నేల కంటే లోతుగా తవ్వాలన్నాడు మా నాన్న, చివరి చుక్క కూడా మిగలకూడదన్నాడు. ఆఖరి మట్టిపెళ్ళ ఆయనే తీశాడు. తీసి పక్కకి దూకాడు.

అబ్బబ్బబ్బ, ఆ నీళ్ళు పోయిన పోక! సన్నగా మొదలై, గట్టు అంచులు రెండుపక్కలా కోసుకుంటూ, ఎర్రగా, నురగలు కక్కుతూ, హోరుమని పాయలోకి దూకాయి. ముప్పై ఏళ్ళు గండి పడకుండా కాపలా కాసిన మా నాన్న, నడుం దాకా బురదతో, తన చేత్తో కొట్టిన గండి పక్కన నిలబడి, "పో! పో! పో!" అని చేతులూపుతూ అరిచాడు. ఆయన అరుస్తుంటే నేనూ అరిచాను. అక్క పడవలో నిలబడి గెడ పైకెత్తి కేక పెట్టింది. చెట్లలో కొంగలన్నీ ఒక్కసారి లేచాయి. అరగంటలో నా రెండెకరాలు ఖాళీ. మొక్కల మొదళ్ళు నాటాక మొదటిసారి గాలి చూశాయి.

పొద్దు వాలుతుండగా పోటు వచ్చింది. కొత్త నీళ్ళు గండిలోంచి మెల్లిగా, బుడగలు వేసుకుంటూ, లోపలికి నడిచి వచ్చాయి. మేమందరం గట్టు మీద వరుసగా కూర్చుని చూశాం. అప్పుడు క్యారేజీ ఖాళీ అయింది, మేస్త్రీకీ అక్కకీ కూడా రొట్టె అందింది. సాయంత్రం రైలుకి మా నాన్న ఒక్కడే తెనాలి వెళ్ళిపోయాడు. నన్ను రమ్మనలేదు. నేను ఆ సంగతే మర్చిపోయాను, అంత సంబరంలో ఉన్నాను.

ఆ తర్వాత నాలుగు ఆదివారాలు వరుసగా వచ్చాడు. తనే కర్రతో బురద మీద గీసి చూపించాడు: మధ్యలో ఒక కాలువ, దానికి రెండుపక్కలా ఏటవాలుగా పిల్లకాలువలు, చేప ముల్లులాగా, ప్రతి మూలకీ నీళ్ళు వెళ్ళి, ప్రతి మూల నుంచీ వెనక్కి వచ్చేట్టు. వారం మధ్యలో రాత్రి అన్నం తింటుంటే ఫోను వచ్చేది. బాగున్నావా లేదు, తిన్నావా లేదు, "ఇవాళ ఎన్ని గాట్లు దిగింది?" అదొకటే. మా బజారు టీ కొట్టు దగ్గర ఆయన పోటూ పాటూ గురించి ఉపన్యాసాలు ఇస్తున్నాడని, జనం ఆయన్ని చూసి పక్క సందులోంచి వెళుతున్నారని అమ్మ చెప్పింది.

మాడిపోయినవి మాడిపోయాయి. కానీ పసుపు తిరిగినవి చావలేదు. మూడో వారానికి ఒక మొక్కకి కొసన చిన్న చిగురు కనపడింది, గోరంత, మెరుస్తూ. దాన్ని చూసి నేను ఏడ్చాను, సిగ్గుపడకుండా చెబుతున్నాను, కుళ్ళి కుళ్ళి ఏడ్చాను. నెల తిరిగేసరికి వరుసలు వరుసలుగా పచ్చబడ్డాయి. ఒకరోజు పొద్దున వెళ్ళేసరికి బోడి నేల మీద, ఎవరూ పిలవకుండానే, పీతల కన్నాలు!

ఎండలు ముదరకముందు పెద్దసారు వచ్చాడు. మూసేయడానికి కాగితాలు సిద్ధం చేసుకునే వచ్చాడని ఆయన సంచీ చూస్తేనే తెలిసింది. పడవ దిగాడు. గట్టెక్కాడు.  తర్వాత ప్యాంటు మడుచుకుని లోపలికి దిగి, వంగి చిగుళ్ళు పట్టుకుని చూశాడు, కన్నాలు చూశాడు, పాటులో నీళ్ళు పిల్లకాలువల్లోంచి సన్నగా జారిపోవడం చూశాడు.

"ఎవరమ్మా ఈ డిజైన్ వేసిన ఇంజనీరు?" అన్నాడు.

నేను నోరు తెరిచేలోపే అక్క పడవలోంచి అందుకుంది. "ఇంజనీరు కాదండి, లస్కరండి! ఈ పిల్ల నాన్న! మొదట్లో కాలువెవరు కట్టేశారని అడిగారండి, ఇప్పుడు పోటు ఎప్పుడొస్తదో నాకే చెబుతున్నారండి!"

పెద్దసారు సంచీలోంచి కాగితాలు తీయనేలేదు. పక్కనున్న బోడి నేల మొత్తం వచ్చే ఏటికి నాకే ఇస్తానన్నాడు. మిగతా చోట్ల కూడా ఇట్లాగే చేప ముల్లు కాలువలు తవ్విద్దాం, మీ నాన్నగారిని వచ్చి చూపించమను అన్నాడు. ఆయన పడవ మలుపు తిరిగేదాకా బుద్ధిగా నిలబడ్డాను. తిరగ్గానే బురదలో గెంతాను, మేస్త్రీ గెంతాడు, అందరం పిల్లల్లా బురద చల్లుకున్నాం. గెలిచాం! మూడేళ్ళకి, ముఖాన ఇంత బురదతో, గెలిచాం!

ఆ సాయంత్రమే రైలెక్కి తెనాలి వెళ్ళాను. నా నోటితో నేనే చెప్పాలి కదా. గుమ్మంలోంచే మొత్తం గుక్క తిప్పుకోకుండా చెప్పేశాను. మా నాన్న మంచం మీద కూర్చుని, తనకి సంబంధం లేని కబురు వింటున్నట్టు గోడకేసి చూస్తున్నాడు. మీసాల కింద నవ్వు ఆగట్లేదు. అమ్మ మాత్రం చేతిలో గరిటెతో ఆయన మీదికి తిరిగింది.

"ఇదీ మీ నిర్వాకం! పిల్లని తీసుకొస్తానని వెళ్ళారు. అక్కడే నాటేసి వచ్చారు! ఆ మొక్కలు చచ్చి ఉంటే ఈపాటికి చీరాలలో శుభలేఖలు పంచుతుండేవాళ్ళం. పార పట్టుకునే ముందు ఒక్కసారైనా ఆలోచించారా మీరు?"

"ఒక్కసారేంటి" అన్నాడు మా నాన్న. "నమాజు చదువుకుని, అన్నం కూడా తినకుండా గంటసేపు గట్టు మీద కూర్చున్నాను. నీళ్ళ సంగతి నాకు పుక్కిలించినప్పుడే తెలిసిపోయింది. ఆ గంట ఆలోచించింది ఈ సంబంధం గురించే."

నేను గుమ్మంలోనే కూర్చుండిపోయాను. ఆ రోజు పార కర్ర పట్టుకుని నేనన్న మాటలన్నీ చెవుల్లో మోగాయి. ఆయన నీళ్ళ సంగతి చెప్పకుండా ఊరుకుంటే చాలు, మొక్కలు చచ్చేవి, నేను అన్న మాట ప్రకారం ఇంటికి రైలెక్కి ఉండేదాన్ని. ఆ సంగతి తెలిసే లేచి పార అడిగాడు.

"అబ్బా" అన్నాను. చున్నీతో కళ్ళు తుడుచుకున్నాను.

"ఏడవకు" అన్నాడు ఉర్దూలో. వెంటనే తెలుగులోకి మారిపోయాడు. "ఎల్లుండి అమావాస్య. పోటు ఎక్కువొస్తది. పొద్దున బండికే వెళ్ళి గండి చూసుకో."